తడ నుంచి ఈషాపూరు దాకా

కోస్తా ఆంధ్ర పొడవెంతో చెప్పవలసి వచ్చినప్పుడు మనవాళ్ళు "ఇచ్ఛాపురం నుంచి తడ దాకా" అంటారు. ఎన్నికల ఉపన్యాసాలలోను, తుఫాను హెచ్చరికలలోను ఆ మాట వినని తెలుగువాడు ఉండడు. ఆ మాటలో చివరన వచ్చే ఊరి పక్కది మాది. పులికాటు సరస్సు గాలి, ఉప్పుపట్టిన తలుపు గడియలు, నవంబరులో వచ్చి వాలే ఫ్లెమింగోలు, ఇవి మా బాల్యం. నెల్లూరు జిల్లావాణ్ణని చెప్పుకుంటూ పెరిగాను. 2022 ఏప్రిల్‌లో సూళ్ళూరుపేటనూ తడనూ తిరుపతి జిల్లాలో కలిపిన తరువాత కూడా నా నోరు నెల్లూరనే అంటుంది, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మన ఇచ్ఛాపురానికి పేరు పోలిన ఊరొకటి కలకత్తాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డున ఉంది. వంగదేశీయులకది ఇచ్ఛాపూర్, ఇంగ్లీషువారి నోట ఈషాపూర్ అయింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో అక్కడ వెలసిన తుపాకుల కర్మాగారంలో తయారై, తన మీద ఆ ఊరి పేరు చెక్కించుకున్న ఒక రైఫిలును 2023 నవంబరులో డాలస్ నగరంలో ఒక తుపాకుల సంతలో కొన్నాను. నన్ను ఎరిగినవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుతారని తెలుసు. చీమను తోలడానికి కూడా ఊదేవాడే తప్ప చేయి విసరడని మా అమ్మ నాకిచ్చిన యోగ్యతాపత్రం ఇంకా చెల్లుతూనే ఉన్నది.

తుపాకుల సంత అంటే ఏదో చీకటి వ్యవహారమని ఊహించుకోకండి. పెద్ద ప్రదర్శనశాల, గుమ్మం దగ్గర ప్రవేశరుసుము, చేతి మీద చిన్న ముద్ర. వెంట ఎవరైనా తమ తుపాకి తెచ్చుకుంటే దానిలో తూటా లేదని చూసి, బోల్టు కదలకుండా ప్లాస్టిక్ పట్టీ బిగించి లోపలికి పంపుతారు. లోపల వరుసలు వరుసలుగా బల్లలు. వాటి మీద కత్తులు, పాత నాణేలు, సైనికుల టోపీలు, ఎండబెట్టిన మాంసపు ముక్కల పొట్లాలు, వీటన్నిటి నడుమ తుపాకులు. పసిపిల్లను భుజాన ఎక్కించుకున్న తండ్రి ఒకడు బేరమాడుతున్నాడు. అమ్మదలచిన సొంత రైఫిలు గొట్టంలో ధర రాసిన కాగితం గుచ్చి, ఒక ముసలాయన తిరునాళ్ళలో గాలిమర్రలు అమ్మేవాడివలె నింపాదిగా తిరుగుతున్నాడు. అటువంటి సొంతదారు తన తోటి టెక్సాస్ పౌరునికి అమ్ముకుంటే ఏ విచారణా అక్కరలేదట. బల్ల పెట్టుకున్న లైసెన్సుదారుకు మాత్రం కాగితాలు తప్పవు.

మా తీరంలో తుపాకికి ధర ఉండేది కాదు, కాగితం ఉండేది. 1878 ఆయుధచట్టం తెల్లవారు రాసింది. దానిలో భారతీయునికి తుపాకి దొరతనం దయచేసే అనుమతి మాత్రమే. స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త చట్టం వచ్చినా ఆ అనుమతి అలాగే మిగిలింది. మా ఊరిలో తుపాకి ఒకే ఒక ఇంట ఉండేది. అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికని తాతల కాలంలో లైసెన్సు పొందిన ఒంటిగొట్టపు తుపాకి. అది పందిని కొట్టగా ఎవరూ చూడలేదు. ఎన్నికలు ప్రకటించగానే పాత పంచెలో చుట్టి ఎడ్లబండిలో పోలీసు స్టేషనుకు తీసుకుపోయి అప్పగించేవారు, ఫలితాలు వచ్చాక మళ్ళీ తెచ్చుకునేవారు. అయిదేళ్ళకు ఒకసారి ఊరేగింపు వలె బయలుదేరే ఉత్సవవిగ్రహం అన్నమాట. అన్నట్టు, ఇంగ్లీషువారి ఫిరంగులకూ మా ఇసుకకూ పరిచయం పాతది. మద్రాసుకు ముందే, 1626లో వారు మా దుగరాజపట్నంలో వర్తకస్థానం ఏర్పరచుకొని కోట కట్టి ఫిరంగులు నిలిపారు. దాన్ని ఆర్మగాన్ అని పిలిచేవారు. అక్కడి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి పోయి 1639లో మద్రాసుకు స్థలం సంపాదించిన తరువాత మా కోట సంగతి అందరూ మరచిపోయారు.

ఇక సంతకు వద్దాం. నాలుగో వరుస చివర ఒక బల్ల మీద పాత సైనిక రైఫిళ్ళు పేర్చి ఉన్నాయి. రష్యనువి, జర్మనువి, చివరన రెండు మనవి. బోల్టు వెనుక ఇనుప పట్టీ మీద కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. అని మూడక్షరాలు, ఈషాపూర్ అని పేరు, 1942 అని సంవత్సరం. జార్జి, రాజు, చక్రవర్తి అని ఆ అక్షరాల అర్థం. ఇంగ్లండులో చేసిన వాటి మీద చివరి అక్షరం ఉండదు, చక్రవర్తిత్వం మన దేశం మీద మాత్రమే కనుక. 1950 తరువాత అక్కడ చేసిన వాటి మీద కిరీటం పోయి అశోకుని సింహాలు వచ్చాయి.

బల్ల వెనుక కూర్చున్న పెద్దాయన నన్ను చూసి "ఇది ఎక్కడుందో మీకు తెలిసే ఉంటుంది" అన్నాడు. తెలుసునన్నాను. నేనెన్నడూ ఆ ఊరు చూడలేదని చెప్పలేదు. కుర్చీ దగ్గరికి లాక్కోమని పాత రైఫిలు కొనేవాడు చూడవలసిన లక్షణాలన్నీ ఓపికగా చూపించాడు. బోల్టు మీది సంఖ్యా, గొట్టం మొదట ఉన్న సంఖ్యా, మూతి దగ్గరి ఇనుప తొడుగు మీది సంఖ్యా ఒకటే కావాలి. వేరైతే నాలుగు తుపాకుల అవయవాలు ఏరి కూర్చినదని అర్థం. వెలుతురుకు ఎదురుగా పట్టి గొట్టంలోకి చూడాలి, లోపలి మెలికల గీతలు పదునుగా కనబడాలి. తూటా మొనను మూతిలో దూర్చి ఎంత లోతు పోతుందో చూస్తే గొట్టం అరిగినదో లేదో తెలుస్తుంది. మ్యాగజైనుకు ముందు కర్రకు అడ్డంగా బిగించిన మర ఒకటి ఉంటుంది. పై చెక్క బీటలువారకుండా ఈషాపూరువారు తగిలించినది, దానిని లోకమంతా ఆ ఊరి పేరుతోనే పిలుస్తారట. మన పనివాడి తెలివి ఒకటి టెక్సాస్ ముసలివాడి నోట మర్యాద పొందడం నాకు బాగుండింది. గొట్టం మీద దిగుమతి చేసుకున్న కంపెనీ పేరు సన్నని అక్షరాలలో ఉన్నది. 1980లలో అమెరికా చట్టం మారి పాత సైనిక తుపాకులు తిరిగి దిగుమతి కావడం మొదలైన తరువాత, మన సైన్యమూ పోలీసులూ పక్కన పెట్టినవి ఇలా ఓడలెక్కాయి.

రెండింటిలో ఏది అన్నదే చిక్కు. ఒకటి సిసలైన త్రీ నాట్ త్రీ. రెండవది చూడడానికి అచ్చం దానివలెనే ఉంటుంది కాని మ్యాగజైనులో చెక్కముక్క దిగగొట్టి, గొట్టం వెడల్పు చేసి, ఒక్కసారికి ఒకే తూటా పట్టేట్టు మార్చినది. దానిని మస్కెట్ అంటారు. కాపలావాళ్ళకూ పోలీసులకూ ఇచ్చేవారు. ఒకవేళ జనం లాక్కున్నా సైన్యపు తూటా అందులో పేలదు కదా. తన చేతి కింది పోలీసును కూడా పూర్తిగా నమ్మని ఆ దొరతనపు ఏర్పాటును కొంచెంసేపు తిప్పి తిప్పి చూశాను.

చిక్కు ఎందుకంటే, నాకు కావలసింది తుపాకి కాదు, 1989 నవంబరులో మా నాయన ఒడిలో ఒక గంటసేపు ఉన్న తుపాకి.

ఆ నెల తొమ్మిదిన కావలి దగ్గర తీరం దాటిన తుఫాను సంగతి నెల్లూరువాళ్ళు మరవరు. రెండు వారాలు తిరగకుండానే ఎన్నికలు. మా నాయన బడిపంతులు. ఆసారి ఇరకం దీవిలో పోలింగ్ కేంద్రానికి ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. పులికాటు నడుమ ఉన్న ఆ దీవికి భీములవారిపాలెం నుంచి పడవ తప్ప వేరు దారి లేదు. పెట్టెలు, కాగితాలు, లక్క, సిరా సీసా, ముగ్గురు నలుగురు సిబ్బంది, ఒక సాయుధ కానిస్టేబులు. పులికాటు పేరుకు సరస్సే గాని చాలా చోట్ల నిలబడితే మోకాలికి మించి ఉండదు. తిరుగు ప్రయాణంలో, ఓట్లు పడిన పెట్టెలతో వస్తూ ఉండగా, పడవ బురదలో కూరుకుపోయింది. గెడ వేసేవాడొక్కడి వల్ల కాలేదు. కానిస్టేబులు బూట్లు విప్పి, నిక్కరు పైకి మడిచి, చుట్టూ చూసి, తుపాకి ఎవరి చేతికివ్వాలో తోచక, "అయ్యవారూ, దీన్ని మీరు పట్టుకోండి సామీ" అని మా నాయన ఒడిలో పెట్టి దిగిపోయాడు.

పొద్దు గుంకేదాకా అలా కూర్చున్నాడట మా నాయన, ఒక చేయి ఓట్లపెట్టె మీద, ఒక చేయి తుపాకి మీద. జీవితంలో బెత్తం కూడా పట్టని మనిషి. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అమ్మతో ఒకే మాట అన్నాడు, "ఏం బరువే అది". పదేళ్ళవాణ్ణి, గడపలో నిలబడి విన్నాను. ఓట్ల పెట్టె బరువా, తుపాకి బరువా అని అడగాలనిపించింది కాని అడగలేదు. ఆ తరువాత ఆయన చాలా ఎన్నికలు చేశాడు, ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

సంతలో నుంచే ఫోను చేశాను. అక్కడ రాత్రి పది దాటింది. పలకరింపులు అయ్యాక అడిగాను.

"నాయనా, ఇరకం ఎలక్షన్ల నాడు ఆ కానిస్టేబులు తుపాకికి తూటాలు ఎన్ని?"

"ఏందిరా ఇప్పుడు నీకా యావ? యాడున్నావు నువ్వు?"

"ఊరికే. గుర్తుందా?"

కొంచెంసేపు ఫ్యాను చప్పుడు వినబడింది. "ఎందుకు గుర్తులేదు. అయిదైదు గుచ్చిన క్లిప్పులు రెండు. దిగబొయ్యేముందు జేబులోవి తీసి నాకు లెక్క చూపించినాడు పాపం, మళ్ళా మాట రాకుండా."

క్లిప్పులు త్రీ నాట్ త్రీకే ఉంటాయి. పెద్దాయన ముందు దాని మీద చేయి వేశాను. బేరమాడగా 375 డాలర్లకు ఒప్పుకున్నాడు.

అనుకోవడం వేరు, చేతికి రావడం వేరు. పనివీసా మీద ఉన్న విదేశీయుడు ఇక్కడ తుపాకి కొనడానికి చట్టం ఒప్పుకోదు, వేటలైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప. పచ్చకార్డు ఉన్నవాడు కొనవచ్చు. దుకాణదారు ఇచ్చే 4473 అనే దరఖాస్తు నిండా ప్రశ్నలే: నేరస్థుడివా, పారిపోయినవాడివా, మత్తుమందులు వాడతావా. పుట్టిన చోటు అన్న గడిలో విదేశీయులు దేశం పేరు రాస్తే చాలు, కనుక సూళ్ళూరుపేట ఎక్కలేదు. ఇంటిపేరు, సొంతపేరు తారుమారు కాకుండా పెద్దాయన నా పాస్‌పోర్టునూ కార్డునూ ఎదురెదురు పెట్టుకుని అక్షరం అక్షరం ఫోనులో చదివాడు. 1998 నుంచి ఉన్న పద్ధతి అది. నేరచరిత్ర వెదికి అవతలివారు వెంటనే సరే అంటారు, కాదంటారు, లేదా ఆగమంటారు. నన్ను ఆగమన్నారు. అంత పొడుగు పేరు గలవారిని ఆగమనడం మామూలేనని పెద్దాయన ఓదార్చాడు. బుధవారం సరే అని కబురొచ్చింది. గురువారం నలభై మైళ్ళు పోయి ఆయన దుకాణంలో తెచ్చుకున్నాను.

ఇంట్లో అంతకంటే కఠినమైన విచారణ జరిగింది. మేముంటున్నది టెక్సాస్‌లో. 2022 మే 24న ఉవాల్డే అనే చిన్న ఊరి బడిలో పందొమ్మిది మంది పిల్లలూ ఇద్దరు ఉపాధ్యాయినులూ తుపాకికి బలి అయినది ఈ రాష్ట్రంలోనే. ఆ మరునాడు మా పాపను బడిలో దింపి కారులోనే చాలాసేపు కూర్చుండిపోయిన మనిషి నా భార్య. ఆమె అరవలేదు. "మీ నాయన పట్టుకున్నది కావాలా, తుపాకి కావాలా? రెంటిలో ఏదో చెప్పండి" అన్నది. మొదటిదే అన్నాను. అయితే బోల్టు తీసి ఆమె అన్న ఇంట్లో ఉండాలి, ఒక్క తూటా కూడా గడప దాటి లోనికి రాకూడదు, రైఫిలు తాళం వేసిన ఇనుప బీరువాలో ఉండాలి. మూడు షరతులకూ ఒప్పుకున్నాను. ఇప్పటికీ ఆ బోల్టు మా బావమరిది ఇంట అటక మీద ఉంది. ఈ దేశపు తుపాకివాదులు వింటే నవ్వుతారు. నవ్వనిద్దాం.

పాత గ్రీజు వేడినీళ్ళతో కడిగి, కర్రకు అవిసెనూనె పట్టిస్తున్న రాత్రులలో ఆ 1942 మీదికి చూపు పోతూ ఉండేది. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. మద్రాసు సగం ఖాళీ అయింది. ఆగస్టు 12న తెనాలి స్టేషను దగ్గర పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. ఆ చోటును ఇప్పుడు రణరంగ చౌక్ అంటారు. ఇరవై అయిదు లక్షల మంది భారతీయులు ఆ యుద్ధంలో సైనికులుగా పనిచేశారు. నా చేతిలోనిది వారిలో ఎవరి భుజం మీద ఉన్నదో, ఎటు గురిపెట్టిందో చెప్పే సాక్ష్యం ఏదీ దాని మీద లేదు. దాని కర్ర మీద బొటనవేలు ఆనే చోట ఒక అరుగుదల ఉంది, అంతే.

లీ అన్నది స్కాట్లండులో పుట్టి కెనడాలో ఎదిగిన శిల్పి పేరు, ఎన్‌ఫీల్డ్ అన్నది లండను పక్కన ఆయుధశాల ఉన్న ఊరు. మన రాయల్ ఎన్‌ఫీల్డ్ మోటారుసైకిలుకు ఆ పేరు రావడానికీ కారణం ఆ ఆయుధశాలకు భాగాలు చేసి ఇచ్చిన ఒప్పందమే. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్ మీద మా ప్రాంతపు ఎస్సైలు వస్తూ ఉంటే, వెనకాల సైకిలు మీద త్రీ నాట్ త్రీ తగిలించుకుని కానిస్టేబులు వచ్చేవాడు. రెండూ ఒకే ఊరి సంతానమని వారికి తెలియదు, మాకూ తెలియదు. 2008 నవంబరులో ముంబై స్టేషనులో ఏకే తుపాకుల ముందు పాత త్రీ నాట్ త్రీలు పట్టుకున్న పోలీసుల గతి దేశమంతా చూసింది. 2020 రిపబ్లిక్ దినోత్సవ కవాతుతో ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనికి అధికారికంగా వీడ్కోలు పలికారు.

అయినా ఇది మా ఊరు రాలేదు. త్రీ నాట్ త్రీ మన చట్టంలో నిషిద్ధ బోరు. సైన్యపు తూటా పౌరుని చేతికి పోకూడదన్న పాత భయం అలాగే ఉండి, పౌరుల కోసం అదే ఈషాపూరు .315 అని వేరొక కొలత తుపాకి చేసింది. హుగ్లీ ఒడ్డున పుట్టి, ప్రజల పన్నులతో నడిచి, డాలర్లకు అమ్ముడైన ఈ వస్తువు నాతోపాటు విమానమెక్కి మద్రాసులో దిగలేదు. నేను దిగగలను.

2024 వేసవిలో నాయన వచ్చాడు, అమ్మ పోయిన తరువాత మొదటిసారి. వారం రోజులు రైఫిలు ప్రసక్తి నేను తేలేదు. ఒక సాయంకాలం ఆయనే "యాడ పెట్టినావు దాన్ని" అన్నాడు. బీరువా తీసి అందించాను. నిలబడి పట్టుకోలేదు. కుర్చీలో కూర్చుని, మోకాళ్ళు దగ్గరగా చేర్చి, ఒడిలో అడ్డంగా పెట్టుకుని, ఎడమచేయి పక్కకు చాచాడు. పక్కన పెట్టె లేదు కనుక ఆ చేయి కాసేపు గాలిలో ఉండి వెనక్కి వచ్చింది.

"బోల్టు లేదే?"

"మీ కోడలు ఉంచనివ్వలేదు నాయనా."

"మంచి పని చేసింది" అన్నాడు. తరువాత కళ్ళజోడు తెప్పించుకుని, కిరీటం కింది అక్షరాలు, సంవత్సరం, మూతి దగ్గరి సంఖ్య చదివి, తన చిన్న పుస్తకంలో తారీకు, వేళ వేసి రాసుకున్నాడు. ప్రిసైడింగ్ ఆఫీసరు డైరీలో పెట్టెల సంఖ్యలు రాసే వరసలోనే, గీతలు కొట్టి. నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. వంటింట్లో నుంచి పాప అన్నానికి పిలుస్తున్నది.